వేడి చేస్తే వాహకత పెరుగుతుందన్నది సగం మాటే

ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లని ఎవరినైనా అడగండి, టక్కున చెప్తారు: రాగి తీగని వేడి చేస్తే కరెంటు కష్టంగా పోతుంది, ఉప్పునీళ్లని వేడి చేస్తే సులువుగా పోతుంది. నీళ్ల వరకు ఆ మాటకి తిరుగులేదు. డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున వాహకత పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు నీళ్లు తీసేసి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ఈథర్ రకం ఆర్గానిక్ ద్రావణి (ల్యాబుల్లో అందరూ టీహెచ్ఎఫ్ అనే పిలుస్తారు) పోయండి, అందులో ఫ్లోరెనిల్ సోడియం లాంటి సోడియం లవణం ఒకటి పలచగా కరిగించండి. గది ఉష్ణోగ్రత నుంచి చల్లబరుస్తూ పోతే వాహకత తగ్గాలి కదా, చాలాదూరం వరకు పెరుగుతుంది. ద్రావణం చిక్కబడుతూ ఉంటుంది, అయినా కరెంటు ఎక్కువ పోతుంది. మీటరు పాడైందేమో అని అనుమానం వస్తుంది గానీ మీటరు బాగానే ఉంటుంది. మన సూత్రమే సగంలో ఆగిపోయింది.

మిగతా సగం ఏమిటో చూడాలంటే ముందు ఒక చిన్న లెక్క. ద్రావణంలో కరెంటు మోసేది అయాన్లు. ఎంత మోస్తాయన్నది రెండు విషయాల మీద ఉంటుంది: స్వేచ్ఛగా తిరిగే అయాన్లు ఎన్ని ఉన్నాయి, అవి ఎంత వేగంగా కదులుతాయి. ఆర్టీసీ డిపో అనుకోండి. రోజుకి ఎంతమంది ప్రయాణికులని చేరవేస్తారన్నది రోడ్డెక్కిన బస్సుల సంఖ్య, వాటి వేగం, ఈ రెంటి మీదే కదా ఆధారపడేది. ఉష్ణోగ్రత పెంచితే రోడ్డు బాగుపడుతుంది, సందేహం లేదు. కానీ చాలా ఆర్గానిక్ ద్రావణుల్లో అదే ఉష్ణోగ్రత కొన్ని బస్సులని వెనక్కి డిపోలోకి పంపించేస్తుంది. నీళ్లలో సోడియం క్లోరైడ్ లాంటి లవణానికి దాదాపు బస్సులన్నీ ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి మనకి వేగం సంగతి ఒక్కటే కనబడుతుంది, దాన్నే సార్వత్రిక సూత్రం అనుకుని పరీక్షలో రాసేస్తాం.

వేగం సంగతి ముందు తేల్చేద్దాం, అది సులువు. అయాను ద్రవంలో కదలాలంటే చుట్టూ ఉన్న అణువులని తోసుకుంటూ పోవాలి, అంటే స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) అడ్డం. నీటి స్నిగ్ధత 0 డిగ్రీల దగ్గర 1.79 సెంటీపాయిజ్, 25 డిగ్రీల దగ్గర 0.89. సరిగ్గా సగం. ఆ రెండు ఉష్ణోగ్రతల దగ్గరే 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ వాహకత చూస్తే సెంటీమీటరుకి 0.77 మిల్లీసీమెన్స్ నుంచి 1.41కి వెళ్తుంది, అంటే 1.8 రెట్లు. స్నిగ్ధత ఎంత తగ్గిందో వాహకత దాదాపు అంత పెరిగింది. నీళ్లలో డిగ్రీకి 2 శాతం అన్న లెక్క వెనక ఉన్నది ప్రధానంగా ఇదే.

ఆర్గానిక్ ద్రావణులకి ఈ సంబంధాన్ని పట్టుకున్నది పాల్ వాల్డెన్, రీగాలో పనిచేసిన లాత్వియా రసాయన శాస్త్రవేత్త. టెట్రాఇథైల్ అమ్మోనియం అయోడైడ్ అనే ఒకే లవణాన్ని రకరకాల ద్రావణుల్లో కరిగించి కొలిచి, బాగా పలచబరిచినప్పటి మోలార్ వాహకతని (ఒక మోలు లవణానికి లెక్కగట్టిన వాహకత) ద్రావణి స్నిగ్ధతతో గుణిస్తే వచ్చే సంఖ్య ద్రావణి మారినా పెద్దగా మారడం లేదని 1906లో చెప్పాడు. వాల్డెన్ సూత్రం అంటే అదే. ఆ లవణాన్ని ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. టెట్రాఇథైల్ అమ్మోనియం పెద్ద అయాను, నాలుగు హైడ్రోకార్బన్ గొలుసుల మధ్య ఛార్జ్ దాక్కుని ఉంటుంది, ద్రావణి అణువులని పెద్దగా అంటించుకోదు, అందుకని ఏ ద్రవంలో వేసినా దాని సైజు అదే. లిథియంతో ఇదే పని చేసి ఉంటే సూత్రం ఇంత తేలిగ్గా బయటపడేది కాదు. లిథియం అయాను చాలా చిన్నది, కానీ చిన్నది కాబట్టే చుట్టూ ఉన్న అణువులని గట్టిగా పట్టుకుని వాటినీ లాక్కుంటూ తిరుగుతుంది. నీళ్లలో పొటాషియం కంటే లిథియం దాదాపు సగం వేగంతో నడుస్తుంది. బ్యాటరీల్లో వాడే ప్రొపిలీన్ కార్బొనేట్‌లో తనకంటే ఎంతో పెద్దదైన పెర్‌క్లోరేట్ అయాను కంటే కూడా వెనకబడుతుంది.

సరే, వేగం విషయంలో వేడి ఎప్పుడూ మంచే చేస్తుంది. అసలు చిక్కంతా సంఖ్యలో ఉంది.

లవణం కరగడం వేరు, అయాన్లుగా విడిపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేసి చదువుకోవడం వల్ల వచ్చిన గందరగోళం చాలానే ఉంది. ఆర్గానిక్ ద్రావణిలో లవణం గింజ మిగలకుండా కరిగిపోయి కూడా ధన, రుణ అయాన్లు జంటలుగా అతుక్కుని తిరగొచ్చు. జంట మీద మొత్తం ఛార్జ్ సున్నా, విద్యుత్ క్షేత్రం దాన్ని ఎటూ లాగదు, కరెంటుకి దానివల్ల ప్రయోజనం లేదు. అయాన్లు జంటలు కడతాయని 1926లో లెక్కలతో చూపించింది డెన్మార్క్‌కి చెందిన నీల్స్ బ్యెరుమ్. ఆయన చెప్పింది చాలా సూటిగా ఉంటుంది: రెండు అయాన్ల మధ్య ఆకర్షణ శక్తి, ఉష్ణ చలన శక్తి, ఈ రెంటిలో ఏది పైచేయో చూడండి.

ఆకర్షణని బలహీనపరిచేది ద్రావణి డైఎలక్ట్రిక్ స్థిరాంకం. 25 డిగ్రీల దగ్గర నీటికి 78, ప్రొపిలీన్ కార్బొనేట్‌కి 65, అసిటోనైట్రైల్‌కి 36, మెథనాల్‌కి 33 దాకా, అసిటోన్‌కి 21 లోపు, టీహెచ్ఎఫ్‌కి 7.4, డైమిథైల్ కార్బొనేట్‌కి 3.1, బెంజీన్‌కి 2.3. ఈ అంకెల్ని దూరాల్లోకి మారిస్తే బాగా అర్థమవుతుంది. రెండు ఏకవేలెన్సీ అయాన్ల మధ్య ఆకర్షణ ఉష్ణ శక్తితో సమానమయ్యే దూరం నీళ్లలో 0.7 నానోమీటర్లు, టీహెచ్ఎఫ్‌లో ఏడున్నర నానోమీటర్లు, డైమిథైల్ కార్బొనేట్‌లో ఏకంగా 18. లవణం 0.01 మోలార్ ఉంటే అయానుకీ అయానుకీ మధ్య సగటు దూరం నాలుగున్నర నానోమీటర్ల లోపే. అంటే అంత పలచటి టీహెచ్ఎఫ్ ద్రావణంలో కూడా పక్క అయాను లాగుడు తగలని చోటంటూ ఉండదు.

ఇక్కడికి ఉష్ణోగ్రతని తీసుకొద్దాం. వేడెక్కితే ఉష్ణ చలనం పెరుగుతుంది కాబట్టి జంటలు విడిపోవాలి అనిపిస్తుంది, ఎవరికైనా మొదట తట్టేది అదే. కానీ ఆకర్షణకీ ఉష్ణ శక్తికీ మధ్య నిష్పత్తిలో హారంలో ఉన్నది ఒక్క ఉష్ణోగ్రతే కాదు, డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఇంటూ ఉష్ణోగ్రత. ధ్రువ ద్రావణుల్లో డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంత పెద్దగా ఉండడానికి కారణం ఆ అణువుల ద్విధ్రువాలు (ఒక కొస కాస్త ధన, మరో కొస కాస్త రుణ ఛార్జ్) క్షేత్రం వైపు తిరిగి నిలబడడం. వేడి చేస్తే అవి చెదిరిపోతాయి, స్థిరాంకం పడిపోతుంది. ఎంత పడిపోతుందంటే, ఉష్ణోగ్రత పెరిగినదానికంటే ఎక్కువ శాతం. నీటికే చూడండి: 0 డిగ్రీల దగ్గర 88 ఉన్నది 100 దగ్గర 56కి దిగుతుంది. కెల్విన్‌లో ఉష్ణోగ్రతతో గుణిస్తే మొదట 24 వేలు, చివరికి 20,700. తగ్గింది! అంటే విద్యుదాకర్షణ లెక్క ఒక్కటే చూస్తే మరిగే నీళ్లలో అయాన్లు చల్లటి నీళ్లలో కంటే కాస్త ఎక్కువగానే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. నీళ్లలో ఆకర్షణే తక్కువ కాబట్టి అది మనకి కనబడదు, అంతే.

టీహెచ్ఎఫ్‌లో కనబడుతుంది. 25 డిగ్రీల దగ్గర 7.4 ఉన్న స్థిరాంకం మైనస్ 70 దగ్గర 11 దాటుతుంది. గుణించి చూస్తే 2,200 నుంచి 2,350, ఆరు శాతం తేడా. ఆరు శాతమేనా అనకండి, అది ఘాతంలో కూర్చుని ఉంది. అయాన్ల కేంద్రాల మధ్య దూరం 0.4 నానోమీటర్లు అనుకుని లెక్కేస్తే ఘాతం 18.9 నుంచి 17.8కి దిగుతుంది, ఆ ఒక్కటి తగ్గితే జంట విడిపోయే స్థిరాంకం (జంటలు ఏ మేరకు విడిపోతాయో చెప్పే అంకె) మూడు రెట్లు పెరుగుతుంది.

అయితే ఇది కూడా కథ మొత్తం కాదు. విడిపోయే స్థిరాంకం మూడు రెట్లు అయితే అయాన్ల సంఖ్య దాని వర్గమూలం లెక్కన 1.7 రెట్లే పెరుగుతుంది, ఆ చలిలో స్నిగ్ధత అంతకంటే ఎక్కువే పెరిగి ఉంటుంది. సోడియం లవణాల వాహకత చల్లబరిస్తే పెరగడానికి ఇంకో కారణం కావాలి. అది అయాను చుట్టూ చేరే ద్రావణి అణువుల్లో ఉంది.

జంటలన్నీ ఒకే రకం కాదు. కొన్నిటిలో రెండు అయాన్లూ ఒళ్లూ ఒళ్లూ తగులుతూ ఉంటాయి, కొన్నిటిలో మధ్యలో ద్రావణి అణువులు దూరి ఉంటాయి. 1960ల మధ్యలో హోగెన్-ఎష్, స్మిడ్ అనే ఇద్దరు దీన్ని కళ్లకి కట్టినట్టు చూపించారు. టీహెచ్ఎఫ్‌లో ఫ్లోరెనిల్ సోడియం గది ఉష్ణోగ్రత దగ్గర 356 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది, చల్లబరుస్తూ పోతే ఆ శిఖరం కుంగిపోయి 373 దగ్గర కొత్తది లేస్తుంది. మొదటిది తగులుకుని ఉన్న జంట, రెండోది మధ్యలో టీహెచ్ఎఫ్ దూరిన జంట. మళ్లీ వేడి చేస్తే మొదటిది తిరిగొస్తుంది. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకంటే అందమైన ప్రయోగం లేదు, ఎందుకంటే అప్పటిదాకా వాహకత గ్రాఫుల వంపుల నుంచి ఊహించుకోవాల్సిన విషయం ఇక్కడ వర్ణపటంలో ఎదురుగా నిలబడింది.

చల్లబరిస్తే ఎందుకలా? సోడియం అయాను జంట నుంచి బయటపడ్డప్పుడు నాలుగైదు టీహెచ్ఎఫ్ అణువులు దాని చుట్టూ గట్టిగా చేరతాయి. ఆ చేరికలో వేడి విడుదలవుతుంది, కాబట్టి శక్తి పరంగా లాభం. కానీ స్వేచ్ఛగా తిరుగుతున్న ఆ అణువులన్నీ కట్టుబడిపోయాయి కాబట్టి ఎంట్రోపీ (చెల్లాచెదురుగా ఉండే స్వేచ్ఛకి కొలత) పరంగా నష్టం. ఎంట్రోపీ నష్టం ఉష్ణోగ్రతతో గుణించి లెక్కలోకి వస్తుంది, వేడి పెరిగేకొద్దీ ఆ నష్టం బరువెక్కుతుంది, చలిలో తేలికవుతుంది. వేడి విడుదల చేసే ప్రక్రియ చలిలో ముందుకి నడుస్తుందన్న లె షాటెలియే సూత్రమే ఇది, కొత్తదేం కాదు. సోడియం బదులు సీజియం పెడితే ఈ ప్రభావం బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే అది పెద్దది, టీహెచ్ఎఫ్‌ని గట్టిగా పట్టుకోదు. టెట్రాబ్యూటైల్ అమ్మోనియం లాంటి భారీ అయాన్లూ అంతే. అంటే ఒకే ద్రావణిలో, ఒకే ఉష్ణోగ్రతల మధ్య, లవణం మారితే గ్రాఫు వాలే మారిపోవచ్చు.

బెంజీన్ లాంటి అధ్రువ ద్రావణులకి వెళ్తే కథ మళ్లీ తిరగబడుతుంది. అక్కడ తిరిగి నిలబడడానికి ద్విధ్రువాలే లేవు, కాబట్టి డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు, ఇంటూ ఉష్ణోగ్రత చేస్తే లబ్ధం పెరుగుతుంది. అయాను చుట్టూ గట్టిగా చేరే అణువులూ లేవు. అక్కడ వేడి చేస్తే వేగమూ పెరుగుతుంది, సంఖ్యా పెరుగుతుంది. ఇలాంటి ద్రవాల్లో ఇంకో వింత కూడా ఉంది: లవణం పెంచుతూ పోతే మోలార్ వాహకత ముందు తగ్గి, ఒకచోట అడుగు తాకి, మళ్లీ లేస్తుంది. మూడేసి అయాన్లు గుంపుగా చేరి ఛార్జ్ మోయడం వల్ల అని 1933లో ఫ్యూయాస్, క్రౌస్ వివరించారు. డయాక్సేన్, నీళ్లు రకరకాల పాళ్లలో కలిపి, నీళ్ల స్థిరాంకం నుంచి 2.2 దాకా దించుకుంటూ ఒకే లవణాన్ని కొలిచారు వాళ్లు. ఓపిక అంటే అది.

కాబట్టి స్థిరాంకం ఎక్కువున్న ద్రావణుల్లో వేగం గెలుస్తుంది, అధ్రువ ద్రావణుల్లో రెండూ ఒకే దిక్కుకి లాగుతాయి, మధ్యలో ఉన్న టీహెచ్ఎఫ్ లాంటి ఈథర్లలో పోటీ పడతాయి. పోటీ ఉన్నచోట వాహకత ఉష్ణోగ్రతతో పాటు కొంతదూరం పెరిగి, ఒక శిఖరం చేరి, తర్వాత తగ్గుతుంది. మీరు కొలిచిన పరిధి శిఖరానికి ఇటువైపు పడితే పెరుగుతుందని రాస్తారు, అటువైపు పడితే తగ్గుతుందని రాస్తారు. రెండూ తప్పు కాదు.

ఇదంతా ఎందుకయ్యా అంటే, మీ జేబులో ఉన్న ఫోను కోసం. లిథియం అయాన్ బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ అంటే ఆర్గానిక్ కార్బొనేట్లలో కరిగించిన లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణమే. అక్కడ ద్రావణి ఎంపికంతా పైన చెప్పిన రెండు విషయాల మధ్య బేరమే. ఇథిలీన్ కార్బొనేట్ స్థిరాంకం 40 డిగ్రీల దగ్గర సుమారు 90, ఆ వేడిలో నీటి కంటే ఎక్కువ, జంటలని విడగొట్టడంలో దానికి సాటి లేదు. పైగా గ్రాఫైట్ మీద లిథియాన్ని రానిచ్చి ద్రావణిని ఆపే పొర ఏర్పడడానికి అదే కావాలి. కానీ అది 36 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. విజయవాడలో మే నెలలో సీసాలో ద్రవంగా ఉండేది డిసెంబరులో మైనంలా ఉంటుంది. డైమిథైల్ కార్బొనేట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, 0.6 సెంటీపాయిజ్‌తో నీళ్లకంటే పలచన, కానీ స్థిరాంకం 3. రెండూ కలిపితే ఇథిలీన్ కార్బొనేట్ లిథియం చుట్టూ చేరి విడగొడుతుంది, డైమిథైల్ కార్బొనేట్ దారిని పలచబరుస్తుంది. ఒక మోలార్ లవణంతో 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకి 10 మిల్లీసీమెన్స్‌కి అటూఇటూ వాహకత వస్తుంది.

ఒక మోలారే ఎందుకు? లవణం తక్కువైతే అయాన్లు చాలవు, ఎక్కువైతే ద్రావణం చిక్కబడి జంటలూ పెరుగుతాయి, మధ్యలో ఎక్కడో గరిష్ఠం. ఆ గరిష్ఠం కూడా ఒకచోట నిలబడదు. వేడి చేస్తే చిక్కదనం అడ్డు తగ్గుతుంది కాబట్టి ఎక్కువ గాఢత వైపు జరుగుతుంది, చల్లబరిస్తే తక్కువ గాఢత వైపు. ఎండకీ చలికీ ఒకే ద్రావణం పోయాలి కాబట్టి ఎక్కడో ఒకచోట రాజీపడతారు, అంతే.

చలిలో వాహకత తగ్గే తీరు కూడా సరళరేఖ కాదు. వాహకత లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమంతో గీస్తే అర్హీనియస్ ప్రకారం గీత రావాలి, ఇక్కడ వచ్చేది వంపు, చలి వైపు వెళ్లేకొద్దీ నిటారుగా పడిపోయే వంపు. ద్రవం గాజుగా బిగుసుకునే ఉష్ణోగ్రత దగ్గరవుతున్న కొద్దీ అణువులు ఒంటరిగా కదల్లేవు, పక్కవాటితో కలిసి జరగాల్సి వస్తుంది. 1920ల్లో గాజు, నూనెల స్నిగ్ధత కోసం వోగెల్, ఫుల్చర్, టామన్ వేర్వేరుగా రాసుకున్న సమీకరణం ఇక్కడ చక్కగా సరిపోతుంది. రెండే ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, మధ్యలో గీత గీసి, ఉత్తేజన శక్తి (అయాను కదలడానికి దాటాల్సిన శక్తి గడప) ఇంత అని ప్రకటించే పత్రాలని నేను పెద్దగా నమ్మను. వంపు మీద ఎక్కడ కొలిస్తే అక్కడి వాలు వస్తుంది.

చలి దేశాల్లో ఎలక్ట్రిక్ కార్లు మొరాయించినప్పుడు (2024 జనవరిలో షికాగోలో ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర బారులు తీరిన కార్లు వార్తల్లోకెక్కాయి) ఎలక్ట్రోలైట్ చిక్కబడింది, వాహకత పడిపోయింది అని వివరించేస్తారు. కొంత నిజం. కానీ 25 నుంచి మైనస్ 20కి వెళ్తే వాహకత మూడో వంతుకి దగ్గర్లో మిగులుతుంది, కారుని ఆపేసేంత దెబ్బ కాదు అది. అసలు దెబ్బ ఎలక్ట్రోడ్ గడప దగ్గర పడుతుంది. అక్కడ లిథియం తనని పట్టుకున్న ద్రావణి అణువులని వదిలించుకుని గ్రాఫైట్‌లోకి దూరాలి, దానికి మోలుకి 50 కిలోజౌళ్ల పైచిలుకు అడ్డు ఉంది. 50 అనుకుని లెక్కేసినా అదే చలిలో ఆ అడుగు 35 రెట్లు నెమ్మదిస్తుంది. విచిత్రం ఏమిటంటే జంటలని విడగొట్టి అయాన్ల సంఖ్య పెంచిన ఆ గట్టి పట్టే ఇక్కడ అడ్డం పడుతోంది. అందుకే చలికి పనికొచ్చే ఎలక్ట్రోలైట్ తయారుచేసేవాళ్లు ఇథిలీన్ కార్బొనేట్ పాలు తగ్గించి, మైనస్ 50 దాకా గడ్డకట్టని ఇథైల్ మిథైల్ కార్బొనేట్ లాంటివి కలుపుతారు, వాహకత కొంచెం పోయినా సరే అనుకుని.

వేడి వైపు మన ఊళ్లకి సంబంధించింది. రామగుండం ఎండలో ఎలక్ట్రోలైట్ వాహకత బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అదే వేడిలో హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లిథియం ఫ్లోరైడ్‌గా, ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్‌గా విడిపోవడం వేగం పుంజుకుంటుంది, ఆ రెండోది ద్రావణిని పాడుచేస్తుంది, తేమ ఛాయ ఉన్నా హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. వాహకత బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. దీనికి తలకిందులుగా, వేడి ఉంటే తప్ప పనిచెయ్యనివి కూడా ఉన్నాయి. పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే ప్లాస్టిక్‌లో లవణం కరిగించిన బ్యాటరీలు 60 డిగ్రీల పైన, గొలుసులు స్ఫటికాల నుంచి విడివడ్డాకే సరిగ్గా కరెంటు ఇస్తాయి. 2011 నుంచి 2018 దాకా పారిస్‌లో అద్దెకి తిరిగిన ఆటోలిబ్ కార్లలో ఉన్నవి ఇలాంటివే, ఆగి ఉన్నప్పుడు కూడా వాటిని వెచ్చగా ఉంచాల్సి వచ్చేది.

ఇక కొలిచేవాళ్లకి ఒక్క మాట. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు చూసుకునే టీడీఎస్ మీటర్ల నుంచి ల్యాబు మీటర్ల దాకా చాలావాటిలో ఉష్ణోగ్రత సవరణ ముందే పెట్టి ఉంటుంది, ఏ వేడి దగ్గర కొలిచినా 25 డిగ్రీలకి మార్చి చూపిస్తుంది. ఆ మార్పు డిగ్రీకి 2 శాతం పెరుగుతుందన్న లెక్క మీద, అంటే నీళ్ల లెక్క మీద. టీహెచ్ఎఫ్ ద్రావణాన్ని అందులో పెడితే తగ్గేదాన్ని ఇంకా తగ్గించి, పెరిగేదాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది. సవరణ ఆపేసి, థర్మోస్టాట్‌లో సెల్ పెట్టి, ఒక ఐదారు ఉష్ణోగ్రతల దగ్గర కిందికి దిగుతూ ఒకసారి, పైకి ఎక్కుతూ ఒకసారి కొలవండి. రెండు గీతలూ కలవకపోతే లవణం ఎక్కడో అడుగున దిగి ఉంటుంది, లేదా ద్రావణిలోకి తేమ పోయి ఉంటుంది.